నూకాలమ్మ పిన్ని చావనివ్వని తల్లి

మొన్న మనవరాలు నన్ను మాల్‌లో సినిమాకు తీసుకెళ్లింది. హాలు తలుపు తీయగానే చల్లగాలి ముఖాన కొట్టింది. ఆ చలికి నాకు ఫిషింగ్ హార్బర్ దగ్గరి రొయ్యల షెడ్డు గుర్తొచ్చింది. ఐసు కలిపిన రొయ్యల గుట్ట, చుట్టూ పీటల మీద మేము, వేళ్లు కొయ్యబారిపోతుంటే మా నడుమ నూకాలమ్మ పిన్ని గొంతు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. కొత్త సినిమా వస్తే అందరి తరఫునా పిన్ని వెళ్లి చూసి వచ్చేది. మరునాటి నుంచి మేము రొయ్యలు ఒలుస్తుంటే ఆ సినిమా చెప్పేది. ఆమె వంతు రొయ్యలు మేమే తలా కాసిని ఒలిచేసేవాళ్లం. పాటలు పాడేది. ఫైటింగు వస్తే రొయ్య తలలు విసిరేది. టీ వచ్చే వేళకు ఏదో ప్రమాదం దగ్గర ఆపి, ఇంటర్వెల్ అనేది.

మా ఆయన సముద్రం మీదికి చేపల వేటకు వెళ్లాడు. బోటు వచ్చింది, ఆయన రాలేదు. ఆ తర్వాత నాకు మాట పడిపోయినట్టయింది. అత్తగారు పనికైతే పంపింది కానీ, మొగుడు పోయినదానికి సినిమా హాలేమిటని ముందే చెప్పేసింది. నాకూ వెళ్లాలని లేదు. తల వంచుకుని ఒలిచేదాన్ని. ఇంట్లో నా చంటిబిడ్డ నా గొంతే మరిచిపోతుందేమోనని పిన్ని అందరితో అనేదట.

ఆ రోజుల్లో ఆమె ఒక సినిమా మొదలుపెట్టింది. హీరో తల్లికి మొగుడు పోతాడు. ఆమె కుట్టు మిషన్ తొక్కి పిల్లవాణ్ణి పెంచుతుంది. పిన్ని చెప్పగా చెప్పగా ఆ మిషన్ కాస్తా కొట్టయింది, కొట్టులో ఆడవాళ్లు పనికి చేరారు, ఊరి పెద్దమనిషి మూయించడానికి వస్తే ఆమె కత్తెర పట్టుకుని గుమ్మంలో నిలబడింది. హీరో ఏమయ్యాడో ఎవరూ అడగలేదు. నా చేతులు ఆగిపోయాయి.

“మరేటయ్యింది పిన్నీ?” అన్నాను. మొగుడు పోయాక ఆ షెడ్డులో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

ఆమె నావైపు చూడనైనా చూడకుండా ఇంటర్వెల్ అంది. ఆ రోజు ఐసు రాక మధ్యాహ్నానికే పని ఆగింది. పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆ సినిమాకే మ్యాట్నీకి లాక్కుపోయింది. ఆడవాళ్ల వైపు బెంచీ మీద కూర్చుని ఆ తల్లి కోసం చూశాను. మిషన్ తొక్కింది, దగ్గింది, కొడుకు చేత ఒట్టు వేయించుకుంది, ఇంటర్వెల్ కాకుండానే చచ్చిపోయింది. కొట్టూ లేదు, కత్తెరా లేదు.

బయటికి వచ్చాక పట్టలేనంత కోపం వచ్చింది. “అన్నీ అబద్దాలే సెప్పినావేటి పిన్నీ?”

ఆమె వక్క నములుతూ నింపాదిగా అంది. “ఆ సినిమావోలు దాన్ని మజ్జిలో ఒగ్గీసినారు, నాను ఒగ్గనేదు. మొగుడు పోతే ఆడది దగ్గి సావాలేటి ఓలమ్మీ? నువ్వు దగ్గుతన్నావేటి?”

నవ్వొచ్చేసింది. రోడ్డు మీద అలాగే నవ్వుతూ నిలబడ్డాను.

మర్నాడు షెడ్డులో పిన్ని, మిగతా కథ ఈ పిల్లే చెబుతుందని నన్ను చూపించి పీట వెనక్కి జరుపుకుంది. అందరూ నా ముఖం చూస్తున్నారు. వాళ్లలో చాలామంది మొగుళ్లు అప్పుడు వేటలో ఉన్నారు. ఒక్క మాటతో ఆ తల్లిని చంపేయొచ్చు, నేను కళ్లారా చూసింది అదే. పిన్ని నా వంతు రొయ్యలు తన ముందుకు లాక్కుని ఒలవడం మొదలుపెట్టింది.

“ఆ కత్తెర కిందెట్టనేదు,” అన్నాను.

పని అయ్యేదాకా చెబుతూనే ఉన్నాను. ఇంటికెళ్లేసరికి గొంతు బొంగురుపోయింది. మ్యాట్నీ సంగతీ, నేను చెప్పిన కథా ఎవరో చేరవేసినట్టున్నారు, అత్తగారు తిట్టడానికి సిద్ధంగా ఉంది. నా గొంతు విని ఊరుకుంది. అన్నం వడ్డిస్తూ, ఆ తల్లికి చివరికి ఏమైందని అడిగింది.

పిన్ని పోయి చాలా కాలమైంది. ఆ హాలు కల్యాణమండపమైంది. సినిమాలూ మారాయి. దగ్గే తల్లులు తగ్గారు, ఇప్పటి తల్లులు కొడుక్కి ఫోను చేసి, తిన్నావా అని అడిగి మాయమైపోతున్నారు. అయినా నాకు సినిమా మీద ఇష్టం తగ్గలేదు. హీరోను చూస్తాను, డాన్సులూ చూస్తాను, వెనకాల నిలబడ్డ ఆడమనిషి మీద మాత్రం ఒక కన్ను వేసి ఉంచుతాను.

మా వీధి ఆడవాళ్ల చేతుల్లో ఇప్పుడు ఫోన్లున్నాయి, కావలసిన సినిమా కావలసినప్పుడు చూసుకుంటారు. చూసి, సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చి అదే సినిమా నన్ను చెప్పమంటారు. కథ ఎవరిని ఎక్కడ వదిలేసిందో చూసుకుని, అక్కడి నుంచి మొదలుపెడతాను.