నైతె రాసిన ఆరో సీను

దీవుల నుంచి వలస వచ్చినవాళ్ళ పేట మాంగెరెలో మెలెనైతె మొహం తెలియనివాళ్ళు ఉంటారేమో గానీ ఆమె నవ్వు చెవిన పడనివాళ్ళు లేరు. చర్చిలో చివరి బెంచీలో నవ్వితే ముందు కూర్చున్న పాస్టరుగారి భార్య వెనక్కి తిరిగి చూస్తుంది. అందరూ ఆమెని నైతె అంటారు. విమానాల్లోకి భోజనాల ట్రేలు సర్దే వంటశాలలో ఇరవై ఆరేళ్ళుగా పని. తెల్లవారుజామున వెళ్ళి, జనం మధ్యాహ్నం భోజనాలకి కూర్చునేసరికి ఇంటికి వచ్చేస్తుంది.

అక్కడ వంటకాలు మారినప్పుడల్లా పాత మెనూ కార్డులు కట్టలు కట్టలు పారేస్తారు. వెనకవైపు తెల్లగా, నున్నగా ఉంటాయి. నైతె వాటిని సంచిలో వేసుకుని తెచ్చుకునేది. నాటకం రాసింది వాటి మీదే. ఒకవైపు చదివితే ఏడుపొస్తుంది. తిప్పితే కోడికూరా అన్నమా, చేపా బంగాళదుంపలా అని ఉంటుంది.

ప్రతి గురువారం సాయంత్రం చర్చి హాలు వెనక గదిలో నాటకాలు రాసేవాళ్ళు కలుస్తారు. సమోవా వాళ్ళు, నియూయే వాళ్ళు, కుక్ దీవుల వాళ్ళు, నైతె లాంటి టోంగా వాళ్ళు, మొత్తం పదిమంది. వీళ్ళకి పెద్ద కుక్ దీవుల తెపాయెరు టీచరమ్మ. బడి నుంచి రిటైరయింది గానీ బడి గొంతు మాత్రం రిటైరవలేదు. ముందు ప్రార్థన. తర్వాత ఎవరో ఒకరి రాత తీసుకుని మిగతావాళ్ళు పాత్రలు పంచుకుని పైకి చదువుతారు. చదివినంతసేపూ రాసిన మనిషి నోరు మెదపకూడదు. అదొక్కటే అక్కడి చట్టం.

"నైతె అక్కకి ఇది శిక్ష, మాకు సెలవు" అనేవాడు ఇయోసెఫా. సమోవా అతను, బస్సు డ్రైవరు, బండ గొంతు. విలన్ పాత్రలన్నీ అతనికే.

నైతె నాటకంలో ఆరు సీన్లు. ఐదు సీన్లు ఆ గదిలో చదివారు, నవ్వారు, తిట్టారు, మార్పించారు. ఆరోది మాత్రం నైతె ఏడు నెలలు బయటికి తియ్యలేదు. అడిగితే "ఇంకా ఉడకలేదు" అనేది.

ఒక గురువారం కప్పులు కడుగుతూ ఆ కార్డులు టీచరమ్మ చేతిలో పెట్టింది. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, సింకు దగ్గరే నిలబడి చదివింది.

"ఇది మీ ఇంట్లో జరిగిందా?"

"ఎవరింట్లో జరిగితేనేం టీచరమ్మా."

జరిగింది నైతె ఇంట్లోనే. ముప్పై ఏళ్ళ కిందటి మాట. అప్పుడు ఆమెకి ఇరవై నాలుగు, తమ్ముడు లోపేతికి ఇరవై. నైతె ఒక ఫిజీ అతనితో వెళ్ళిపోయి నెల్లాళ్ళు కనపడలేదు. తన ఇష్టంతో వెళ్ళింది. మామయ్యలు వెతికి తీసుకొచ్చి నిలబెడితే, "వాడు నిన్ను బలవంతంగా తీసుకుపోయాడా?" అని నాన్న అడిగాడు. నైతె భయపడి నేల చూసింది. ఆ నేల చూపుని ఇంటిల్లిపాదీ తమకి తోచినట్టు అర్థం చేసుకున్నారు. ఆ సాయంత్రమే లోపేతి వెళ్ళి ఆ ఫిజీ అతని కాలు విరగ్గొట్టాడు. మూడేళ్ళు జైలు. రగ్బీ జట్టులో అప్పుడే వచ్చిన చోటు పోయింది. ఆ ఫిజీ అతను ఇప్పటికీ ఫిజీలో, సువాలో కుంటుతూ నడుస్తాడని ఎవరో చెప్పారు.

తర్వాతైనా చెప్పొచ్చు కదా అంటారు. ఎలా చెబుతుంది? టోంగా ఇళ్ళల్లో అక్కాతమ్ముళ్ళు పెద్దయ్యాక ఒక గదిలో కూర్చుని సినిమా కూడా చూడరు. తెర మీద ఎవరైనా ముద్దు పెట్టుకోబోతున్నారని తెలిస్తే చాలు, తమ్ముడు లేచి బయటికి పోతాడు. అక్కంటే అంత గౌరవం. అలాంటిది, నేనే వాణ్ణి కావాలనుకుని వెళ్ళానురా అని ఏ నోటితో అంటుంది?

ఇప్పుడు లోపేతికి కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు ఆస్పత్రిలో మిషను మీద ఉంటాడు. గుండె కూడా మొరాయిస్తోంది, ఎక్కువ కాలం లేదన్నారు డాక్టర్లు.

"నా నోటితో చెప్పకూడదు. ఇంకొకళ్ళ నోట్లోంచి వస్తే అది నాటకం" అంది నైతె కప్పు తుడుస్తూ. "వాడు హాల్లో కూర్చుంటాడు, నేను వంటగదిలో ఉంటాను. ఇద్దరం ఒకే గదిలో లేకపోతే తప్పు కాదు. వాడు వినేస్తే చాలు టీచరమ్మా. తర్వాత ఉమ్మేసినా పడతాను."

టీచరమ్మ కార్డులు జాగ్రత్తగా సర్ది కళ్ళు తుడుచుకుంది. "ఊరందరి ముందూ చదివిద్దాం" అంది.

సెప్టెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం హాల్లో కుర్చీలు వేశారు. లోపేతి, భార్య వికా చెయ్యి పట్టుకుని, చేతికర్ర ఊతంతో వచ్చాడు. టోంగా మర్యాద ప్రకారం నడుముకి చాప చుట్టుకుని, చర్చికి వచ్చినట్టు తయారై ముందు వరసలో కూర్చున్నాడు. నైతె వంటగది తలుపు సందులోంచి చూసింది. చాప్ సూయ్ గిన్నెలో గరిటె తిప్పడం మర్చిపోయింది.

మూడో సీనులో పాస్టరుగారికని దాచిన పంది చెవులు పిల్లలు తినేస్తే, అమ్మ చీపురు పట్టుకుని వీధి చివరిదాకా తరుముతుంది. అక్కడ హాలంతా నవ్వింది. అందరి నవ్వుల్లోనూ తమ్ముడి నవ్వు ఏదో నైతెకి తెలిసింది. ఆ ఒక్క నిమిషం ఆమెకి నిజంగా నమ్మకం కలిగింది.

ఐదో సీను అయిపోయింది. అప్పుడు టీచరమ్మ చేసింది ఆ పని. కుక్ దీవుల వాళ్ళకి పూలదండ వెయ్యకుండా ఏ సభా నడవదు. చేతులు వాటంతట అవే దండ అందుకుంటాయి. పొద్దున్నే స్వయంగా గుచ్చి తెచ్చింది, సంబరంలో ఉంది, నైతె చెప్పిందంతా మర్చిపోయింది.

"మన రచయిత్రి ఎక్కడ? వంటగదిలో దాక్కుంటే కుదరదు. ఇయోసెఫా, పట్టుకురా."

నైతె వద్దు వద్దంటున్నా గరిటెతో సహా లాక్కొచ్చారు. దండ మెడలో పడింది. చప్పట్లు. "ఇప్పుడు చివరి సీను," అంది టీచరమ్మ, "అక్క ప్రేమకథ."

నైతె లోపేతి వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

ఆమె మరుక్షణం వెనక తలుపు గుండా వంటగదిలోకి పరిగెత్తింది. కుళాయి పూర్తిగా తిప్పి, శుభ్రంగా ఉన్న గిన్నెలు కూడా మళ్ళీ తోమింది. తను విన్నా తప్పే అనిపించింది. చాలాసేపటికి చప్పట్లు వినపడ్డాయి. ఎవరో ముక్కు చీదారు. అయిపోయింది, వినేశాడు అనుకుంది. చేమదుంపల బస్తా మీద కూలబడింది.

మర్నాడు చర్చి అయ్యాక లోపేతి వ్యానులో తలుపు తీసుకుని కూర్చుని ఉన్నాడు. నైతె జంకుతూ దగ్గరికి వెళ్ళింది.

"చాప్ సూయ్ బాగుందక్కా."

"నాటకమో?"

"అమ్మని అచ్చం దించేశావు. చీపురుతో సహా."

"చివరిదో?"

"చివరిది వినలేదు. నువ్వు వచ్చావుగా మరి" అన్నాడు లోపేతి, బస్సులో పెద్దవాళ్ళకి సీటిచ్చిన కుర్రాడిలా మొహం పెట్టి. "నీ నాటకం నువ్వు వినకపోతే ఎలా? నేను తల దించుకునే, వికాని పట్టుకుని లేచి వచ్చి ఇదిగో ఇక్కడ కూర్చున్నా."

"నేను వంటగదిలోకి పోయానురా."

"అంటే మనిద్దరం తప్ప ఊరంతా విన్నారన్నమాట" అని లోపేతి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. నైతె వీపు రాస్తూ తనూ నవ్వింది. ఇంకేం చేస్తుంది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆరో సీను కార్డులు కవరులో పెట్టి వికా చేతికిచ్చి, "వాడొక్కడే ఉన్నప్పుడు ఇయ్యి" అని చెప్పింది. మూడో రోజు వికా ఆ కవరు పట్టుకుని నైతె ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"వదినా, నేను చదివాను."

"నీకిచ్చింది చదవమని కాదు."

"తెలుసు. తిట్టు, పడతాను. కానీ మిషను మీద పడుకుని ఆయన పక్క మంచం వాళ్ళకి ఏం చెబుతాడో నీకు తెలుసా? మా అక్క కోసం జైలుకెళ్ళానని చెబుతాడు. కొత్త నర్సు వస్తే చాలు, మళ్ళీ మొదటినుంచీ చెబుతాడు. ఆట పోయింది. చేసిన ఉద్యోగాలన్నీ పోయాయి. షుగరుతో కాలి వేళ్ళు పోయాయి. ఆయనకి మిగిలింది అదొక్కటే వదినా. అది కూడా లాక్కుంటావా?"

"మరి నేనేం చెయ్యను?" అంది నైతె.

"నాకేం తెలుసు. ముప్పై ఏళ్ళు మోశావుగా. ఇంకొన్నాళ్ళు మొయ్యి."

నైతె కవరు తీసుకుంది. వికాకి టీ పెట్టింది. ఇద్దరూ పిల్లల సంగతులు మాట్లాడుకున్నారు.

నవంబరులో లోపేతి పోయాడు. టోంగా ఆచారంలో శవం తల దగ్గర కూర్చునే చోటు అక్కదే. దాన్ని మించిన గౌరవం లేదు. వచ్చినవాళ్ళంతా మెత్తటి చాపలు, నారబట్టలు తెచ్చి ఆమె ముందు పరిచారు. పెద్ద మామయ్య లేచి, అక్క మర్యాద కోసం యవ్వనమంతా ధారపోసిన తమ్ముడని చెప్పాడు. పాస్టరుగారు అదే మాట ఇంకాస్త పొడుగ్గా చెప్పారు. ఆరో సీను విని ఉత్త నాటకమే అనుకున్నవాళ్ళతో సహా జనమంతా నైతె వైపు తిరిగి చూశారు.

నైతె నేల చూసింది. ఈసారీ వాళ్ళు తమకి తోచినట్టే అర్థం చేసుకున్నారు.

ఆమె వాటాకి వచ్చిన చాపలు ముందుగదిలో నడుమెత్తు పేర్చి ఉన్నాయి. ఆరో సీనుతో సహా నాటకం కార్డులన్నీ పెట్టిన పెట్టె వాటి కిందే ఎక్కడో ఉంది. తియ్యాలంటే ఇద్దరు మనుషులు పట్టాలి. గురువారం గురువారం టీచరమ్మ ఫోను చేస్తుంది, ఇయోసెఫా బస్సు ఆపి మరీ ఎందుకు రావట్లేదని అడుగుతాడు. షిఫ్టు మారిందని చెబుతుంది నైతె. మారలేదని వాళ్ళకీ తెలుసు.