చివరి పేజీ చదవని చీటీ

లోకాలను కాపాడే మహావీరుల మధ్య పంతొమ్మిదేళ్ళుగా బతుకుతున్న మనిషికి బల్లిని చూస్తే భయం. కుక్కంటే భయం, లిఫ్టంటే భయం, వేళకాని వేళ ఫోను మోగితే భయం. ఆయన పనిచేసే కామిక్స్ కొట్లో పై అరలోని పుస్తకాలు దింపాలంటే యజమానురాలే నిచ్చెన ఎక్కుతుంది. ఈయన కింద నిలబడి నిచ్చెన పట్టుకుని, ఆవిడ పడిపోతుందేమోనని ఆవిడ వంతు భయం కూడా తనే పడతాడు.

అలాంటి మనిషి మాట ఆ కొట్లో వేదవాక్కు. ప్రతి శుక్రవారం కొత్త సంచికలు వస్తాయి. ఆయన ఒక్కొక్కటీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, అరచేతి వెడల్పు పసుపు చీటీ మీద రెండు ముక్కలు రాసి అట్టకు తగిలిస్తాడు. “కొట్లాట ఎక్కువ, కథ తక్కువ. పాత అభిమానులు అలుగుతారు.” “బొమ్మల కోసం కొనండి, మిగతాదాని మీద ఆశ పెట్టుకోకండి.” ముగింపు మాత్రం చచ్చినా చెప్పడు. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆయన చీటీ మామయ్య. పెళ్ళికి ముందు మీ మీదా ఎవరైనా ఓ చీటీ తగిలించి ఉంటే ఎంత బాగుండేదని ఇంట్లో భార్య దెప్పుతూ ఉంటుంది.

ఆ శుక్రవారం తొమ్మిది సంచికలు ఒకేసారి వచ్చిపడ్డాయి. కట్టలు విప్పుతుండగానే స్కూలు బస్సు నడిపే ఆవిడ రొప్పుతూ లోపలికి వచ్చింది. ఆవిడ పదేళ్ళ కూతురికి మర్నాడు పొద్దున గుండె ఆపరేషన్. పిల్లను ఆస్పత్రిలో చేర్చి, నర్సుకు అప్పజెప్పి, ‘పిడుగు పిన్ని’ కొత్త సంచిక కోసం పరుగెత్తుకొచ్చింది. ఆకాశంలో పిడుగును ఒడిసిపట్టి పిడికిట్లో దాచుకునే పిన్ని అంటే ఆ పిల్లకు పంచప్రాణాలు.

“చీటీ లేకుండా మాత్రం తేవద్దందన్నయ్యా,” అంది తల్లి.

ప్రచురణ సంస్థవాళ్ళు పదిహేను రోజుల ముందే సగం పేజీలు కొట్లకు పంపుతారు. ఆ సగం ఆయన చదివాడు. అందులో పిన్ని దెబ్బతిని కూడా లేచి నిలబడింది. మిగతా సగానికి పావుగంట చాలు. కానీ ఆవిడ చేతిలో తాళాలు గలగలలాడుతున్నాయి, చూపు గడియారం మీదే ఉంది. పంతొమ్మిదేళ్ళలో ఎన్నడూ చేయని పని ఆయన ఆ పూట చేశాడు. “భయం లేదు. ధైర్యంగా చదువుకో” అని రాసిచ్చేశాడు.

ఆవిడ వెళ్ళాక ఇంకో ప్రతి తీసి రెండో సగం తెరిచాడు. పిన్నిని ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టారు. చుట్టూ డాక్టర్లు. చివరి పేజీలో పిడికిలి విడిపోయి ఉంది, అందులో మెరుపు లేదు. పక్కన ఒక్క మాటా రాసి లేదు.

పిల్ల తల్లికి ఫోను చేస్తే ఎత్తలేదు. యజమానురాలితో ఏదో గొణిగి, దొరికిన బస్సు ఎక్కాడు. దారి పొడుగునా ఆయన కళ్ళముందు ఆ విడిపోయిన పిడికిలే. ఆ పిల్ల చివరి పేజీకి చేరక ముందే పుస్తకం లాక్కోవాలి. అచ్చుతప్పు ప్రతి అని చెప్పాలి, కాళ్ళావేళ్ళా పడైనా సరే. ఆస్పత్రిలో లిఫ్టు తలుపు తెరుచుకుంటే ముచ్చెమటలు పోసి వెనక్కి తగ్గి, నాలుగంతస్తులూ మెట్లెక్కే పోయాడు.

తల్లి వార్డు గుమ్మంలోనే ఎదురైంది. మా పిల్లకు భయమన్నదే లేదన్నయ్యా, ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదని మురిసిపోతూ చెప్పింది. పిల్ల మంచం మీద కూర్చుని ఉంది. పుస్తకం ఒళ్ళో మూసి ఉంది, పసుపు చీటీ గుప్పిట్లో ఉంది. ఆయన అచ్చుతప్పుల కథ మొదలుపెట్టాడు.

“అయిపోయింది మామయ్యా, రెండుసార్లు చదివాను,” అంది పిల్ల. “పిన్ని చచ్చిపోలేదు కదా? భయం లేదని రాశారుగా. వచ్చే సంచికలో లేస్తుందని మీకు తెలిసే రాసుంటారు.”

బట్టలు సర్దబోయిన తల్లి చేతులు ఆగిపోయాయి. అవునమ్మా అంటే సరిపోయేది. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ తను చదవకుండా గిలికిన నాలుగు మాటలు పట్టుకుని ఆ పిల్ల రేపు ఆపరేషన్ బల్ల ఎక్కబోతోంది. నిచ్చెన మీద మనిషి ఉండగా కింద చేతులు వదిలేసినట్టనిపించింది ఆయనకు.

“నాకు తెలీదమ్మా. సగమే చదివి రాశాను. మిగతాది చదివాక భయమేసి పరుగెత్తుకొచ్చాను.”

పిల్ల గుప్పిట విప్పి, నలిగిన చీటీ చాపింది.

“అయితే మళ్ళీ రాయండి.”

ఆయన చీటీ వెనక్కి తిప్పాడు. అక్షరాలు కోడి కెలికినట్టు వచ్చాయి. “ఈ సంచిక చాలా భయంగా ఉంది. ఒంటరిగా చదవొద్దు.”

పిల్ల పెదాలు కదుపుతూ చదువుకుంది. కింది పెదవి అదిరింది. “నాక్కూడా భయంగానే ఉందమ్మా,” అని, పొద్దుట్నుంచి బిగబట్టిందంతా వదిలేసి ఏడ్చింది. తల్లి మంచమెక్కి పక్కన చేరి, పిల్లను పొదివి పట్టుకుని తనూ ఏడ్చింది. జన్మలో బొమ్మల పుస్తకం పట్టని ఆవిడ కాసేపటికి కళ్ళు తుడుచుకుని, పిడుగు పిన్నిని మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది. చివరి పేజీ వచ్చినప్పుడు ముగ్గురూ కలిసి చూశారు.

చూడవచ్చినవాళ్ళు ఇక వెళ్ళాలని నర్సు చెప్పింది. లేవబోతుంటే పిల్ల ఆయన చొక్కా అంచు పట్టుకుంది.

“రేపు ఎన్నింటికొస్తారు? ఏడింటికి తీసికెళ్తారట.”

ఆరున్నరకల్లా వస్తానన్నాడు. ఆ రాత్రి ఆయనకు కంటిమీద కునుకు లేదు. మర్నాడు బస్సు ఆలస్యమై ఆస్పత్రి చేరేసరికి ఏడవడానికి అయిదు నిమిషాలే ఉంది. మెట్లెక్కితే అందుకోలేడు. చీటీ మామయ్య కళ్ళు గట్టిగా మూసుకుని లిఫ్టెక్కాడు.