ఆషాఢంలో గాలం

ఉద్యోగమూ కొత్తే, పెళ్లీ కొత్తే అయిన ఆ రోజుల్లో, మనిషికి రావలసినవన్నీ నాకు వచ్చేశాయనుకునేవాణ్ణి. బుద్ధి ఒక్కటి ఇంకా రాలేదని చెప్పినవాళ్లు లేరు (మా ఆవిడ చెప్పింది గానీ, ఆమె మాట వినే అలవాటు అప్పటికింకా కాలేదు). బొల్లారంలో మందుల కంపెనీ ల్యాబులో పని, పటాన్‌చెరులో కిరాయి ఇల్లు. కాపురం మొదలైందో లేదో ఆషాఢం వచ్చిపడి, ఆమెను పుట్టింటికి తీసుకుపోయారు. హత్నూర దగ్గర, మంజీర ఒడ్డునున్న ఊరు వాళ్లది. ఆ నెలంతా అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదట. గడప అన్నారు గానీ ఏటి ఒడ్డు అనలేదు కదా అని నాకు తోచింది. వెంటనే ఫోనులో ఒక గాలం తెప్పించుకున్నాను. మా తాత దాకా చేపలు పట్టి బతికినవాళ్లమే అయినా, నాకు చేపతో పరిచయం పళ్లెంలోనే.

"ఆదివారం వస్తున్న. గోరింటాకు కోసం పోతున్ననని చెప్పి ఏటికాడికి రా" అని ఫోను చేశాను.

"నీకేమన్న పిచ్చా? ఇది చేపలు గుడ్లు పెట్టే కాలం. పట్టొద్దని మా పెద్దబాపు ఊరంత డప్పు కొట్టిచ్చిండు. చేపలోళ్ల సంఘానికి పెద్ద ఆయననే."

"వల గాదు, గాలమే గద. అయినా నాకు చేప పడ్తదా?"

ఆమె వచ్చింది. గోరింట పొద పక్కన నిలబడి, "నిజంగ ఏస్తవా, ఊకె పట్టుకొని నిలబడ్తవా?" అని నవ్వింది. ఆ నవ్వుకే పౌరుషమొచ్చి గాలం విసిరాను. కాసేపటికే కర్ర విల్లులా వంగింది. ఇంతలావు రవ్వ చేప! దాన్ని చేతుల్లో పట్టుకుని, అంత గొంతుతో ఎందుకరిచానో ఇప్పటికీ తెలియదు. ఆ అరుపుకు కావలి తిరుగుతున్న సంఘం మనుషులు ఉరికొచ్చారు. అందరికంటే ముందు మా ఆవిడ పెద్దబాపు, నాకు పెద్దమామ. ఆమె పొద వెనక్కి పోయింది. నేను, ఎక్కడా దాక్కునే చోటు లేక, చంకలో చేపతోనే బండి మీది హెల్మెట్ తీసి తలకు పెట్టుకున్నాను.

"ఎవడ్రా నువ్వు? డప్పు ఇనలేదా?" అన్నాడు పెద్దమామ.

"మాలూమ్ నహీ భాయ్" అన్నాను, మా కంపెనీలో బీహారు కుర్రాళ్ల యాసలో.

పిల్లనిచ్చిన పెద్దమనిషిని భాయ్ అన్నాను. వెనకున్న ఒకాయన నిజంగానే చెయ్యెత్తాడు. అప్పుడు పొద మాట్లాడింది: "కొట్టకుర్రి! పెద్దబాపూ, గాయిన మన అల్లుడు!"

హెల్మెట్ తీశాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పెద్దమామ నా చంకలోంచి చేపను మెల్లగా తీసుకుని, ఉబ్బిన దాని పొట్ట నాకు చూపించి, మోకాలి లోతు నీళ్లలోకి దిగి వదిలేశాడు. అది కాసేపు అక్కడే ఆగి, తోక కదిలించి వెళ్లిపోయింది. అప్పటిదాకా భయమే గానీ, సిగ్గు మొదలైంది ఆ క్షణంలోనే.

"మొన్న గీ తప్పుకే మనోళ్ల పిలగానితోని తప్పయిందని మైకుల చెప్పిచ్చిన. అల్లుడని నిన్నిడిసిపెడ్తే రేపు నా మాట ఎవడింటడు బిడ్డా?" అన్నాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టే అన్నాడు. దానికంటే తిట్టినా హాయి.

పంచాయతీ ఆఫీసులో మైకు ముందు నిలబడి, పేరు చెప్పి, ఫలానా ఇంటి అల్లుణ్ణని చెప్పి, "గుడ్ల కాలంల చేపలు పట్టిన. తప్పయింది. మీరెవ్వరు పట్టకుర్రి" అన్నాను. నా గొంతు ఊరి మీదంతా తిరిగి మళ్లీ నా చెవిలోకే వచ్చింది. బయటికొచ్చేసరికి గోడ దగ్గర మా అత్త, అల్లుడి ముఖం చూడకూడదని అటు తిరిగి, కొంగు కప్పుకుని నిలబడి ఉంది. వెనక్కి చెయ్యి చాచి టిఫిన్ డబ్బా అందించింది.

"ఎప్పుడు తిన్నవో ఏమో. పప్పుచారు, అన్నం. జెర తిని జల్దీ పో అయ్యా, మొగులైతున్నది, వానొస్తది" అంది.

ఆ అన్నం గొంతు దిగలేదు (అంతా తిన్నాననుకోండి, అది వేరే సంగతి).

ఇప్పటికీ ఆ ఊళ్లో వానలు మొదలవగానే నన్ను తలుచుకుంటారట. తలుచుకోనీ. మా ఆవిడ నిన్న పుట్టింటికి వెళ్లింది. బస్సెక్కేముందు, "ఎప్పుడొస్తవని అడగవా?" అంది. నేను ఫోనులోంచి తలెత్తేసరికి బస్సు కదిలింది. చేపతో, హెల్మెట్‌తో నిలబడ్డ ఆ వెర్రివాడు నా కళ్ల ముందుకొచ్చాడు. నవ్వొచ్చింది. వాడైతే బండి తీసి బస్సు వెనకే పోయేవాడు.