మూడోసారి తీసిన వాగ్దానం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, మండపేట బజారులో నాతో బేరమాడి గెలిచినవాడు లేడు! స్టీలు సామాన్ల కొట్టువాళ్ళింట పుట్టి, నడక కన్నా ముందు బేరం నేర్చినవాణ్ణి. అంతటి ఘనుణ్ణి కాబట్టే ఒకసారి దేవుడితోనే బేరమాడి, నాకు కావలసిన మాట ఆయన చేత అనిపించుకుని, పెళ్ళిళ్ళ గిరాకీలో కొట్టు మూయకుండా నెగ్గుకొచ్చాను.

నా భార్య సువార్తకు షుగరు. కొట్టు వెనక గదిలో రేకు ముక్క గుచ్చుకుని అరికాలు పుండు పడింది. డాక్టరమ్మ చూసి, "ఇవాళే కాకినాడ తీసుకెళ్ళండి, రేపనకండి" అన్నారు. నేను ఇంటికొచ్చి, మన ఇళ్ళలో ఉండే, కార్డుకో బైబిలు వాక్యం రాసిన వాగ్దాన కార్డుల డబ్బా ముందు మోకరించి, "ప్రభువా, వెళ్ళమంటావా, ఆగమంటావా?" అని ఒక కార్డు తీశాను. లేచి బయలుదేరమనే వాక్యం వచ్చింది. సరిగ్గా కలపలేదేమోనని డబ్బా కుదిపి మళ్ళీ తీస్తే, పెద్దల ఆలోచన వినమని వచ్చింది. మూడోసారి స్వస్థత గురించి వచ్చింది. "చూశావా, దేవుడే బాగుచేస్తానంటున్నాడు!" అని దాన్ని సువార్త చేతిలో పెట్టాను.

"ముందు తీసిన రెండూ ఎవరికండి?" అంది.

"అవి ఊరికే చేతికి తగిలాయిలే."

"గిరాకీ లేని రోజైతే దేవుడు ఇంకోలా మాట్లాడేవాడేమో" అని నవ్వి, కాలీడ్చుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వారం తిరగకముందే జ్వరం, వణుకు, పాదమంతా నలుపు, గదిలో నిలవలేనంత వాసన! కాకినాడలో పాదం తీసేయాలన్నారు, తీసినా ప్రాణానికి హామీ ఇవ్వలేమన్నారు. ఆసుపత్రి వరండాలో ప్రార్థిద్దామని మోకరించబోయి మళ్ళీ బల్ల మీద కూర్చుండిపోయాను, సహోదరులారా! ఏ మొహం పెట్టుకుని అడగను? మా పాస్టరు గారు వచ్చి పక్కన కూర్చుంటే జరిగిందంతా చెప్పాను. ఆయన, "డాక్టరమ్మ చెప్పినప్పుడే జవాబు వచ్చేసిందండి. వచ్చిన జవాబు నచ్చక మళ్ళీ అడిగితే దాన్ని ప్రార్థన అనరు" అన్నారు.

అప్పుడు ఏడ్చాను. "ప్రభువా, నీ పేరు పెట్టి నా మాటే నేను విన్నాను. ఇస్తానని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. దాన్ని బతికించు" అన్నాను. నా జీవితంలో బేరం లేకుండా అడిగింది అదొక్కటే.

సువార్త బతికింది, దేవునికే మహిమ! కానీ పాదం పోగొట్టుకుని ఇంటికొచ్చాక మంచం దిగి చేతుల మీద వంటింటి దాకా పాకింది, నేను చూశాను. ఎత్తుకోబోతే వద్దంది. నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. కొన్ని పొద్దులు దేవుడి వైపు చూడటానికి ఇప్పటికీ భయమే.

ఆ మాయ తెలివి నుంచి ఆయన నన్ను విడిపిస్తున్నాడు, ఇంకా పూర్తి కాలేదు. ఇప్పుడు ఏదైనా తేల్చుకోవాలంటే, ముందు నా మనసు ఎటు లాగుతోందో ఒప్పుకుంటాను, తెలిసినవాళ్ళని అడుగుతాను, సువార్తని అడుగుతాను, ఆ పైన ప్రార్థిస్తాను. మీ ఇంట్లో ఎవరికైనా డాక్టరు వెళ్ళమని చెబితే వెంటనే బయలుదేరండి, దారిలో ప్రార్థించండి, ఆటోలో చేసినా వినే దేవుడాయన! ఆయన్ని నమ్మండి.

పాదం పోవడం దేవుని చిత్తమని నన్ను ఓదార్చేవాళ్ళున్నారు. కాదండి. ప్రాణం ఆయన దయ. పాదం నా పద్దు.