ఆమె చాపిన కాగితం

చిట్యాలలో మా వాడకట్టు మొత్తానికి పెద్ద వాకిలి మాదే. అందుకే నెలకోసారి మా ఆడవాళ్ళ పొదుపు సంఘం మా ఇంటి ముందే కూర్చునేది. పది మందిమి. అందులో ఒకామె తండా నుంచి వచ్చేది. ఇంట్లో వాళ్ళ భాష వాళ్ళది, మాతో మాత్రం మా మాటే. పత్తి ఏరేటప్పుడు పక్కపక్క సాళ్ళలో నడిచీ నడిచీ ఇద్దరం దగ్గరయ్యాం. నన్ను అక్కా అని పిలవలేదు ఎన్నడూ. "సోపతీ" అనేది, స్నేహితురాలిని పిలిచినట్టు. గట్టు అవతల నుంచి ఆ పిలుపు వినిపిస్తే చేతిలో ముద్ద వదిలేసి లేచేదాన్ని.

మా ఆడవాళ్ళలో ఒకరి పేరు ఇంకొకరికి ఇవ్వడం మామూలు. ఒకామె కాగితాలు సరిగ్గా లేకపోతే పక్కామె పేరు మీద అప్పు తీస్తారు. వాడుకున్నామె కట్టుకుంటుంది. ఉప్పు, కారం చేబదులు ఇచ్చినంత తేలిగ్గా పేరు ఇచ్చేవాళ్ళం. నా సోపతికి ఆధార్ కార్డులో ఇంటిపేరు ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా పడింది. బోరు మోటారు కాలిపోయి మిరపతోట వాడిపోతోందని వచ్చి కూర్చుంటే, సంఘంలో నా పేరు మీద అప్పు ఇప్పించాను. బోరులో మళ్ళీ నీళ్ళు పడ్డ రోజు తడికాళ్ళతోనే మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. ఆ అడుగుల గుర్తులు గచ్చు మీద ఆరేదాకా నేను ఊడవలేదు.

రెండేళ్ళ తర్వాత పాడి బర్రెలు కొందామని నేను బ్యాంకుకు పోయాను. అక్కడి సారు కంప్యూటర్‌లో చూసి తల అడ్డంగా ఊపాడు.

"మీ రికార్డు మంచిగ లేదమ్మా. ఒక అప్పు కట్టకుండ మొండికి పడ్డది."

"ఎవల అప్పు సారూ?"

"మీ పేరు మీదనే చూపిస్తుంది. మీ క్రెడిట్ రిపోర్టు తీసుకొని మొత్తం చూసుకోండ్రి. ఏడాదికోసారి పైసలు లేకుండనే ఇస్తరు."

ఆయన చివర చెప్పిన మాట నా చెవికెక్కలేదు. నాకు తెలిసి నా పేరు మీద ఉన్న అప్పు ఒక్కటే, నా సోపతికి ఇప్పించింది.

ఆ నెల సంఘం కూర్చున్నప్పుడు అందరి ముందూ అడిగేశాను. ఆమె చిలకపచ్చ చీర కట్టుకుని వచ్చింది. కొంగు ముడి విప్పబోతున్న చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

"మొత్తం కట్టిన సోపతీ. ఆఖరు కిస్తు నాడు గీ కాగితం ఇచ్చిండ్రు. నీకిద్దామనే తెచ్చిన. సూడు" అంటూ ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసి నా ముందుకు చాపింది.

నేను చదివింది అయిదో తరగతి. అక్షరం అక్షరం కూడబలుక్కుంటే చదవగలను. ఆ రోజు ఆ పాటి ఓపిక కూడా పట్టలేదు.

"కాగితాలకేంది, ఎవలన్న తెస్తరు. బ్యాంకు సారు అబద్ధమాడుతడా?"

వెనక నుంచి ఎవరో అన్నారు: "తండోళ్ళకు పేరిస్తే గిట్లనే ఉంటది."

ఆ మాట నాకు వినపడింది. ఆ గొంతు ఎవరిదో కూడా గుర్తుపట్టాను. నోరు ముయ్యమని అనలేదు. ఆమె నా మొహం వైపు చూసింది, నేనేమన్నా అంటానేమోనని. తర్వాత కాగితాన్ని మడత మీద మడత పెట్టి కవరులో దోపుకుని లేచిపోయింది. మరుసటి నెల సంఘానికి రాలేదు. చేను కౌలుకిచ్చి మానుకోట పోయారని, అక్కడ మిర్చి పనికి కుదిరారని తర్వాత తెలిసింది.

నిరుడు మా అక్క మోకాలి నొప్పితో ఉంటే తోడుగా జనగామ పోయాను. అక్క కూతురు అక్కడ కంప్యూటర్ సెంటర్‌లో పనిచేస్తుంది. బర్రెల అప్పు రాలేదన్న ముచ్చట మళ్ళీ ఎత్తితే ఆ పిల్ల అడిగింది:

"చిన్నమ్మా, అసలు రిపోర్టు తీసి సూసినవా?"

"బ్యాంకు సారు చెప్పిండు గదనే."

"సారు చెప్పింది ఒక్క ముక్కనే. జర మొత్తం సూద్దాం పా."

నా కార్డుల నంబర్లు కొట్టింది. నా ఫోనుకు వచ్చిన అంకెలు ఒక్కొక్కటే చదివి చెప్పాను. తెర మీద పేజీలు తెరుచుకున్నాయి. ఆ పిల్ల వేలు పెట్టి చూపించింది.

"గిది మీ సంఘం అప్పు. ఎన్నడో ముగిసింది. ఒక్క కిస్తు గూడ ఆలస్యం కాలె."

"మరి మొండిది?"

"గిది. ఎన్నడన్న కిస్తుల మీద ఫోన్ కొన్నవా?"

కొన్నాను. మా ఆయన చెల్పూరు కరెంటు ప్లాంటులో కూలికి పోయే రోజుల్లో, భూపాలపల్లిలో ఒక దుకాణంలో కొన్నాం. అందులో మాట సరిగ్గా వినపడేది కాదు. పదో రోజున డబ్బాతో సహా వాపసు ఇచ్చేశాను. దుకాణం అతను మారుమాట్లాడకుండా తీసుకున్నాడు. మా దగ్గర కొన్న బర్రె పాలివ్వకపోతే పలుపుతాడుతో సహా అమ్మినాయనకు అప్పజెప్పి వస్తాం. బేరం అక్కడికి సరి. ఫోను కూడా అంతే అనుకున్నాను.

"ఫోన్ దుకాణపోడు తీస్కున్నడు. అప్పిచ్చినోళ్ళు వేరే చిన్నమ్మా. వాళ్ళకెవలు చెప్పిండ్రు? ఫోన్లు గూడ రాలేదా?"

వచ్చాయి. తెలియని నంబర్లు ఎత్తితే మోసం చేస్తారని ఊరంతా అంటుంటే అన్నీ కట్ చేశాను.

ఆ బాకీ తీర్చి, తీరినట్టు ఉత్తరం తీసుకుని, రికార్డు సరిచేయమని ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టాం. నెల దాటాక బాగయింది. బర్రెలు కొట్టంలోకి వచ్చాయి. ఆ తర్వాతే మానుకోట బస్సెక్కాను. ముందు నా పేరు బాగు చేసుకుని, ఆనక ఆమె దగ్గరికి పోయాను. జనగామ నుంచి నేరుగా పోవలసింది.

ఆమె కల్లంలో పదిమంది ఆడవాళ్ళతో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నన్ను చూసి లేచింది.

"రాండ్రి అక్కా. కూసోండ్రి."

మీరు అన్నది. అక్కా అన్నది. నేను కూర్చుని జరిగిందంతా చెప్పాను. తప్పు నాదే సోపతీ అన్నాను. ఆ కాగితం ఆ రోజే చదివితే ఇంత జరిగేది కాదు అన్నాను. ఆమె చివరిదాకా విన్నది.

"అది నా దగ్గర్నే ఉన్నది. సూస్తరా?"

పక్కనే ఉన్న రేకుల గదిలోంచి ఆ కవరే తెచ్చింది. మడతల దగ్గర కాగితం చిరగడానికి వచ్చింది. ఆడవాళ్ళంతా చేతులాపి చూస్తున్నారు. అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకే చదివాను. మొదట నా పేరే ఉంది. చివర 'బాకీ ఏమీ లేదు' అని ఉంది.

"మీ పేరు మీద కాగితం. మీరే తీస్కపోండ్రి" అన్నది. తిరిగి ఇవ్వబోతే చేతులు చూపించింది, కారం అంటి ఉన్నాయని.

కొంగున చెయ్యి తుడుచుకుని మళ్ళీ కాయల ముందు కూర్చుంది.

"బస్సుకు యాళ్ళైతది అక్కా."