తలకాయ కూరలో నాలుక

కరోనా సద్దుమణిగాక వచ్చిన మొదటి వానాకాలంలో నన్ను వికారాబాద్ నుంచి తాండూరు పక్కన పెద్దేముల్ మండలానికి పశువైద్యాధికారిగా బదిలీ చేశారు. (ఆ తర్వాత ఒక బర్రె తన్నిన తన్నుకు నడుములో డిస్కు జారి, గడువు కంటే చాలా ముందే పదవీ విరమణ తీసుకున్నాను. అది వేరే కథ.) నాకంటే ముందు నా పేరు అక్కడికి చేరింది, వైద్యుడిగా కాదు, తిండిపోతుగా. బోటి, నల్ల, కార్జం, తిల్లి, భేజా, అంటే పేగు నుంచి మెదడు దాకా ఏదీ, ఆఖరికి గొర్రె కన్ను కూడా వదలనని, నేను దావత్‌కు పోయిన ఊళ్లో ఆ పూట కుక్కలు పస్తుంటాయని చెప్పుకునేవారు. ఇందులో అతిశయోక్తి బహు తక్కువ. అన్నింటిలోకీ నాలుకంటే నాకు ప్రాణం. దాన్ని చూస్తేనే మూతి తిప్పుకునే మా ఆవిడకు, "కండే కదా, తొడ కండకు లేని తప్పు దీనికేమొచ్చింది?" అని శరీర నిర్మాణ శాస్త్రం బోధించేవాణ్ణి. తొడ ఎవరినీ నాకదు కదా, అనేది ఆమె.

మండలంలో నాకు మొదట దొరికిన మనిషి గొర్లకాపరి మల్లయ్య. అతనికీ భార్య సాయమ్మకూ గుంట భూమి లేదు. ఉన్నదల్లా మంద. అది పోతే మిగిలేవి గొంగడీ, చేతికర్రా.

ఆ వానల్లో మల్లయ్య, యాసంగి శనగ కోసం ఖాళీగా వదిలిన ఒక నల్లరేగడి చేనులో మంద పెట్టాడు. అంటే రాత్రుళ్లు గొర్రెలను రైతు చేనులో పడుకోబెడతారు, పెంటిక ఎరువవుతుంది, రైతు గింజలిస్తాడు. చేను పక్కనే కుంట. ముసురు పట్టిన వారంలో ఒక గొర్రె మూతి వాచి, ముక్కు కారుతూ కుంటుకుంటూ వచ్చింది. మల్లయ్య కబురు పెడితే పోయి నోరు తెరిచి చూస్తే నాలుక నేరేడు పండులా ఉంది. నీలి నాలుక రోగం. గాలికి రాదు, అంటుకోదు. బురదలో పుట్టే, కంటికానని చిన్న దోమ మోసుకొస్తుంది. మందను వెంటనే గుట్ట మీదికి తోలి, పొద్దుగూకగానే వేపాకు పొగ పెట్టమన్నాను.

మల్లయ్య కదల్లేదు. వాన తగ్గేదాకా ఇక్కడే ఉంటానని రైతుకు మాటిచ్చాడట. నేనే రైతు దగ్గరికి పోయాను. ఆయన నిక్షేపంగా పొమ్మన్నాడు. ఆ ముక్క చెబితే మల్లయ్య, "ఆయన పెద్దమనిషి సారు, గట్లనే అంటడు. పొమ్మన్నడని పోతే ఇగ నేనేం మనిషిని?" అన్నాడు. జిల్లా కలెక్టరు ఉత్తర్వుకైనా రద్దుంటుంది, ఆ మాటకు లేదు.

ఈ రోగానికి నేరుగా మందు లేదు. టీకా వానకు ముందు పడాలి. మాకు టీకా కంటే వాన ముందొచ్చింది. ఇక మిగిలింది సేవ. పర్మాంగనేట్ నీళ్లతో నోరు కడగడం, పుండ్లకు గ్లిజరిన్ రాయడం, అంబలి తాగించడం. నేను పూసిన గ్లిజరిన్‌తో తాండూరు బండలన్నీ నున్నగా మెరిపించవచ్చు. వాచిన నాలుక నోట్లోకి పోదు. సాయమ్మ దాన్ని వేళ్లతో పక్కకు పట్టుకుని అంబలి పోసేది. గొర్రె మింగలేకపోయినా ఆ నాలుక కొస మాత్రం ఆమె అరచేతిలో అంబలి కోసం తడుముకునేది. "తాగు బిడ్డ, జర తాగు," అనేది ఆమె. తెల్లారేసరికి ఆ గొర్రె ఉండేది కాదు. మరుసటి పూట ఆమె ఇంకో నాలుక పట్టుకునేది.

వానలు వెలిసేనాటికి మందను చూడ్డానికి నేను చేనులోకి దిగనక్కర్లేదు, గట్టు మీంచే వేళ్ల మీద లెక్కపెట్టేంత మిగిలింది. అవి కూడా కాళ్లు పట్టేసి మేతకు నడవలేకపోయేవి.

మల్లన్న దేవుడికి మొక్కిన పొట్టేలొకటి ఏ రోగమూ తగలకుండా నిలిచింది. మంద ఉన్నా పోయినా మొక్కు మొక్కే. నేను పద్ధతి ప్రకారం నోరు, జ్వరం, గిట్టలు చూసి, తినడానికి పనికొస్తుందని చెప్పాను. కోసి వండారు. తలకాయ కూర పెద్ద చుట్టానికి పెట్టడం ఆనవాయితీ. వాళ్లకు మిగిలిన పెద్ద చుట్టాన్ని నేనే. సాయమ్మ నా పళ్లెంలో నాలుక వేసింది. నేను అన్నం కలుపుతూనే ఉన్నాను. ఆమె కనిపెట్టింది.

"తినుర్రి సారు. గిది నేను పట్టిన నాలిక కాదు."

తినలేకపోయాను. ఆమె దాన్ని తీసి మల్లయ్య పళ్లెంలో వేసింది. అతను పళ్లెం పక్కకు జరిపాడు. ఆమె కూడా నోట పెట్టలేదు. చివరికి కుక్కకు వేశారు. నేను దావత్‌కు పోయినా కుక్క పస్తుండని పూట నా ఉద్యోగంలో అదొక్కటే.

ఆ చలికాలంలోనే మిగిలిన గొర్రెలను అమ్మేసి, మల్లయ్య బండల పాలిషింగ్‌లో కూలికి చేరాడు.

కార్జం, తిల్లి కడుపులో చీకట్లో వాటి పని అవి చేసి పోతాయి. వాటితో మనకు ముఖపరిచయం ఉండదు. నాలుక అట్లా కాదు, మన చేతిని అడుగుతుంది. అడిగినదానికి ఏమీ ఇవ్వలేకపోయాక దాన్ని తినడం వింతగానే ఉంటుంది. ఈ సంగతి మా ఆవిడకు ముందే తెలుసు. టీకా మాత్రం వానకు ముందే వెయ్యాలి.