కథలాపూర్ దారిలో ఎర్ర లైట్లు

దయ్యాల ముచ్చట ఎవరు మొదలుపెట్టినా నేను లేచి వంటగదిలోకి వెళ్లిపోయేదాన్ని. భయంతో కాదు, విసుగుతో. జగిత్యాలలో లారీల సర్వీస్ సెంటర్‌లో పనిచేస్తాను. అక్కడ ఏది చెడిపోయినా విప్పి చూస్తే కారణం దొరుకుతుంది. ఈ ఒక్కదానికే దొరకలేదు.

ఒక రకం పెద్ద లారీల వెనక లైట్లలో లోపం ఉందని ఇది జరిగిన ఏడాది కంపెనీ రీకాల్ ప్రకటించింది, అంటే ఆ బండ్లను వెనక్కి పిలిచింది. లైట్లలోకి నీరు చేరి వైర్లను తినేస్తుందట. డ్రైవర్‌కు లైట్లు వెలుగుతున్నట్టే ఉంటుంది, వెనక మాత్రం చీకటి. ఓనర్లకు ఫోన్ చేసి, బండి తెస్తే ఉచితంగా మారుస్తామని చెప్పడం నా పని. చాలామంది "జర లోడున్నది మేడం, మల్ల వస్త" అనేవారు.

చలికాలంలో సిరిసిల్లలో మా ఆడబిడ్డ వాళ్లింట్లో పెళ్లి. మర్నాడు పొద్దున్నే కారులో కోరుట్లలోని మా ఇంటికి బయలుదేరాం. మా ఆయన శ్రీనివాస్ నడుపుతున్నాడు. వెనక సీట్లో మా చిన్న బిడ్డ. వేములవాడ దాటాక పొగమంచు కమ్మేసింది, రోడ్డు అంచు కూడా తెలియడం లేదు. మంచు విడిచేదాకా ఎక్కడైనా ఆగుదామని ఆయన అంటుండగానే ముందు రెండు ఎర్ర లైట్లు కనిపించాయి.

"లారీ పోతున్నది. దీని ఎనుకనే పోదాం" అన్నాడు.

నాకూ ధైర్యం వచ్చింది. లైట్లు సాఫీగా కదులుతున్నాయి, మేమూ వేగం పెంచాం. లారీ చప్పుడు మాత్రం వినిపించలేదు. అద్దాలు మూసి ఉన్నాయి కదా అనుకున్నాను.

కథలాపూర్ ఇంకా రాలేదు. ఉన్నట్టుండి ఆ రెండు లైట్లూ బ్రేకు వేసినట్టు భగ్గుమన్నాయి. మా ఆయన కూడా గట్టిగా తొక్కాడు. కారు ఊగిపోయి ఆగింది. లైట్లు ఆరిపోయాయి.

వైపర్ ఒకసారి తిరిగింది. అద్దానికి జానెడు దూరంలో ఇనుప చువ్వల కొనలు, సరిగ్గా మా ముఖాల ఎత్తున. చువ్వల లోడుతో ఒక లారీ నడిరోడ్డు మీద ఆగి ఉంది. దానికి ఒక్క లైటు లేదు.

వెనక నుంచి మా బిడ్డ అడిగింది.

"అమ్మా, మన ముంగట పోయిన లారీ ఏడికి పోయింది?"

మంచులోంచి చెట్టుకొమ్మలు పట్టుకుని ఒక పెద్దాయన పరుగెత్తుకొచ్చాడు. ఆ లారీ డ్రైవరే, పెగడపల్లి లచ్చయ్య.

"ఇంజన్ బందైంది బిడ్డా. బండి ఎనుక గుర్తుకు ఏద్దామని కొమ్మలు ఇరువ పోయిన. లైట్లు ఏసే ఉన్నయనుకున్న."

"ఇప్పుడే ఇటు ఇంకో లారీ పోయిందా?" అని మా ఆయన అడిగాడు.

"ఏ బండీ పోలే. పోతే నాకు ఇనపడదా?"

ఆ తర్వాత ఆ లారీ మా సెంటర్‌కే వచ్చింది. రీకాల్ బండే. మెకానిక్ లైట్లు విప్పితే లోపల నిండా మురికి నీళ్లు, వైర్లు పచ్చగా చిలుము పట్టి పొడైపోయి తెగి ఉన్నాయి.

"గివి ఎలగక చాన రోజులైందక్కా" అన్నాడు.

మా కారు వెలుగు లారీ వెనక రిఫ్లెక్టర్ల మీద పడి మెరిసిందేమోనని వాటినీ చూశాను. బురద గట్టిపడి ఉంది. అయినా ఆగి ఉన్న లారీ మా ముందు అంత దూరం ఎట్లా నడుస్తుంది?

ఆ లైట్లే మమ్మల్ని బతికించాయని మా ఆయన అందరికీ చెబుతాడు. నేను మాత్రం ఆ మాట అనలేను. అవి కనిపించకపోతే మేము మంచు విడిచేదాకా ముందే ఎక్కడో పక్కకు ఆగేవాళ్లం. ఆ చువ్వల దాకా మమ్మల్ని తీసుకెళ్లినవీ అవే. మమ్మల్ని ఆపడానికి వచ్చాయో, పిలవడానికి వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు.